ఇంఫాల్‌లో గెలిచిన ఓబన్న

కమలాపురంలో నాపరాళ్ళు చెక్కే ఓబన్న యుద్ధంలో గెలిచి వచ్చినవాడు. అదే అతని ఖర్మ. తెల్లదొరల సైన్యంలో చేరి ఇంఫాల్ దాకా పోయి, జపానువాళ్ళను వెనక్కి తరిమి, పతకం పెట్టుకుని ఊరికి వచ్చాడు. మరుసటేడే స్వాతంత్ర్యం వచ్చింది. ఇక ఆ గెలుపు మాదేననేవాడు లేకపోయాడు. పతకం మీద ఇంగ్లండు రాజుగారి బొమ్మ ఉందాయె! ఓబన్న దాన్ని గింజల బానలో పడేసి సుత్తి పట్టాడు.

అదే ఇంఫాల్ దగ్గర, అవతలి పక్క, జపానువాళ్ళతో కలిసిన నేతాజీ సైన్యంలో పోరాడుతూ అదే ఊరి తిమ్మయ్య చనిపోయాడు. ఓడినవాడు ఊరికి వీరుడయ్యాడు, గెలిచినవాడు నోరెత్తలేకపోయాడు. దేశం ఎవర్ని తనవాళ్ళు అనుకుంటుందో ఎవర్ని అడగాలి?

యాభై ఐదులో, స్వాతంత్ర్య దినానికి తిమ్మయ్య పేరిట రాయి నిలబెట్టాలని అంగడి కేశవయ్య తలపెట్టాడు. పని ఓబన్నకే వచ్చింది.

“ఏమప్పా ఓబన్నా, అక్షరాలు బాగా లోతుగా కొట్టు. మన దేశం కోసరం సచ్చినోడు.”

“అట్లే శెట్టీ,” అన్నాడు ఓబన్న. తానూ దేశం కోసమే పోయాననుకున్నాడు మరి. ఆ మాట అనకుండా ఉలి అందుకున్నాడు.

ఒక మధ్యాహ్నం తిమ్మయ్య భార్య రామలక్ష్మమ్మ వచ్చి రాతి పక్కన కూర్చుంది. చదువు రాదు. మొగుడి పేరు ఎక్కడుందో అడిగి వేలితో తడిమింది. ఇన్నేళ్ళూ ఆమె ఎదురైతే సందు మారిన ఓబన్నకు ఇక దాచబుద్ధి కాలేదు.

“వదినా, ఆ యుద్ధంలో నేనూ ఆడనే ఉంటి. వాళ్ళ మీద కాల్చినోళ్ళల్లో నేనొకణ్ణి. తిమ్మయ్యన్నకు తగిలింది నా గుండో కాదో నాకే తెలీదు.”

ఆమె వేలు పేరు మీదే ఆగింది. చేయి తీయకుండానే అడిగింది.

“ఆడ తినేదానికి ఉండెనా?”

“మాకుండె. వాళ్ళకు లేదు. ఆకులు ఉడకబెట్టుకుని తినిరంట.”

రామలక్ష్మమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆ పూట ఓబన్నకు ఉలి ఆడలేదు. ఆమె ఇక తన ముఖం చూడదని, రేపోమాపో ఊరు కూడా చూడదని ఖాయం చేసుకున్నాడు. అయినా రాయి పూర్తి చేశాడు.

స్వాతంత్ర్య దినం నాడు జెండా ఎగిరింది, కేశవయ్య ఉపన్యాసం అయింది. ఓబన్న జనం వెనక గోడవార నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ గిన్నెతో వచ్చి, రాగిసంగటి ముద్ద ఒకటి రాయి ముందు పెట్టింది. తర్వాత జనాన్ని తప్పించుకుంటూ వెనక్కి వచ్చి రెండో ముద్ద ఓబన్న చేతిలో పెట్టింది.

“ఆడ ఆయప్ప ఒక పక్క, నువ్వొక పక్క. ఈడ ఇద్దరూ ఒక ఊరోళ్ళే. తినప్పా.”

ఊరంతా చూస్తుండగా ఓబన్న ఏడుస్తూ తిన్నాడు.