అతుకుల చోటు

మా ఇంటి అరుగు మీద ఎవరి చోటు వాళ్ళది. ఒడిశాలో పాత్రపూర్ నుంచి ఆంధ్రా సరిహద్దు వైపు వెళ్ళే దారిలో ఉన్న తెలుగు ఊరు మాది. పొలం పనులు లేని రోజుల్లో మా వీధి ఆడవాళ్ళం పొద్దున కాసేపు, సాయంత్రం వెలుగు ఉన్నంతసేపు ఆ అరుగు మీద చేరి లేసు అల్లుతాం. మెట్టు దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూర్చోవాలి. మంచినీళ్ళు తేవాలన్నా, మేకల్ని అదిలించాలన్నా లేవాల్సింది వాళ్ళే. గోడ పొడుగునా కాళ్ళు చాపుకుని లేసు పువ్వులు అల్లేవాళ్ళు ఉంటారు. ఆ చివర స్తంభం పక్కన, చూరు నీడ పడని చోట, అతుకుల మనిషి కూర్చుంటుంది. అందరూ అల్లిన పువ్వుల్ని కలిపి ఒక గుడ్డగా చేసేది ఆవిడే.

ఆ చోటు ఎవరూ అడిగి తీసుకునేది కాదు. ఆవిడకి ఇక చాలు అనిపించిన రోజున తన చాప తానే దులిపి పరిచి, తనకి నచ్చిన మనిషిని చెయ్యి పట్టుకుని అక్కడ కూర్చోబెడుతుంది. తన సూది ఆ మనిషి చేతిలో పెడుతుంది. ఆ తర్వాత తాను గోడవారకి వచ్చి ఒట్టి పువ్వులు అల్లుకుంటుంది. అలా దిగిన మనిషికి మర్యాద పెరుగుతుందే గానీ తగ్గదు. టీ వస్తే మొదటి గ్లాసు ఆవిడకే.

నేను కోడలిగా వచ్చేసరికి ఆ చోట్లో మా అత్త ఉంది. ఆవిణ్ణి వాళ్ళ అత్త కూర్చోబెట్టింది. ఆ పెద్దావిడ గోదావరి వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వస్తూ ఈ పని వెంట తెచ్చిందట. చీరలు తెచ్చిందో లేదో గానీ సూది మాత్రం మర్చిపోలేదని మా మామ వెక్కిరించేవాడు.

సూది అంటాం గానీ అది కుట్టే సూది కాదు, కొసన చిన్న కొక్కెం ఉన్న పుల్ల. ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. మా అత్తది మాత్రం సైకిల్ చక్రం పుల్లని అరగదీయించి చేయించుకున్నది, పట్టుకునే చోట గుడ్డపీలిక చుట్టి ఉండేది. దారపు ఉండ దొర్లి మట్టి కాకుండా కొబ్బరి చిప్పలో వేసుకుంటాం. దారం జారి జారి ఎడమ చూపుడు వేలి మీద ఒక గాడి పడుతుంది. పసుపు చేత్తో గానీ, చింతపండు పిసికిన చేత్తో గానీ లేసు ముట్టుకున్నామా, ఆ పూట అత్త నోటికి అందరం జవాబు చెప్పుకోవాల్సిందే. కొక్కెం గుచ్చుకుని దారం మీద రక్తం పడితే, ఎవరి రక్తమో వాళ్ళే ఉమ్మి తడిచేసి తుడవాలి. ఇంకొకళ్ళ ఉమ్మికి పోదంటారు. నేనైతే పరీక్షించి చూడలేదు.

అన్నిటికంటే ముఖ్యం చేతి బిగువు. ఒకే పువ్వు, ఒకే దారం, అయినా ఇద్దరు అల్లితే రెండు రకాలుగా వస్తుంది. పువ్వులు ఎవరు అల్లినా అత్త వాటిని వేళ్ళతో సాగదీసి, బిగువుని బట్టి వేరు చేసుకునేది. అతుకు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్క చేతిదే ఉండాలి. బిగువు చెయ్యీ వదులు చెయ్యీ కలిస్తే గుడ్డ నేల మీద పరుచుకోదు, మధ్యలో ఉబ్బుతుంది. ఉబ్బిన గుడ్డని, మా దగ్గర కొనే బరంపురం షావుకారు తీసుకోడు.

నాది వదులు చెయ్యి. మాది ఖల్లికోట దగ్గర, మా నాన్నకి స్టేషన్ పక్కన చిన్న కొట్టు ఉండేది. పుట్టింట్లో లేసు ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. నా మొదటి పువ్వుని అత్త అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదేటే, పువ్వా, దోమతెరా?" అంది.

అరుగంతా ఘొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళిపోబోతే చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగి కూర్చోబెట్టి, "కూకో. నా సెయ్యీ ఇలాగే ఉండీది" అంది. అబద్ధం. ఆవిడ చెయ్యి పుట్టుకతోనే బిగువు. ఆ అబద్ధంతోనే నాకు ఆవిడ మీద ఇష్టం కలిగింది.

ఆవిడ చూపు ఎప్పుడు తగ్గడం మొదలైందో మాకెవరికీ తెలియలేదు. పక్కన కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోయినా తెలియక మాట్లాడుతూనే ఉండేది. ఆ మనిషి తిరిగి వచ్చేసరికి సగం కబురు అయిపోయేది, మేం నవ్వేవాళ్ళం. గుమ్మం దాటుతూ భుజం తగిలించుకునేది. ముసలితనం అనుకున్నాం. టీ గ్లాసు అందిస్తే ఆవిడ చెయ్యి గ్లాసు పక్కకి వెళ్ళిన రోజున అది ఒట్టి ముసలితనం కాదని నాకు తెలిసింది.

మా ఆయనా నేనూ బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నీటికాసులట, కంటి నరాన్ని మెల్లగా తినేసే జబ్బు. డాక్టర్ ఒడియాలోనే నెమ్మదిగా చెప్పాడు, "గలా నజర ఆఉ ఫెరిబని, మా". పోయిన చూపు ఇక తిరిగి రాదని, మిగిలిన కాస్తనీ చుక్కలతో కాపాడుకోవాలని. అత్తకి నాకంటే ఒడియా బాగా వచ్చు. అయినా బస్సెక్కాక నన్ను అడిగింది.

"ఏటన్నాడే?"

"సుక్కలెయ్యమన్నాడత్తా."

"అదొక్కటే అన్నాడేటి?"

నేను చుక్కల మందు సీసాని సంచి అడుక్కి దోపాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు వచ్చేదాకా అటే ఉంది.

మర్నాడు ఏమీ జరగనట్టు తన చోట్లో కూర్చుంది. చాలించుకోవాల్సిన వేళ అయిందని అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసనే నేను అనుకుంటాను. కానీ అతుకుల మనిషిని దిగమని చెప్పే అలవాటు మా అరుగుకి లేదు. ఆవిడే చెప్పాలి. ఆవిడ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకు లేదు.

ఇంతలో ఒక గుడ్డ తిరిగొచ్చింది. షావుకారు మనిషి అది తెచ్చినప్పుడు అత్త స్నానానికి వెళ్ళింది. మా పక్కింటి వదిన దాన్ని పరిచి చూసింది. ఒక పువ్వు తిరగేసి అతికి ఉంది, ఒక చోట రేకులు అతక్కుండా వదిలేసి ఉన్నాయి, ఇంకో చోట రెండు పువ్వులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వదిన గబగబా దాన్ని చుట్టి నా ఒళ్ళో పడేసింది.

"సెప్పీకే. సెప్పినావంటే మనిసి మంచానికి అతుక్కుపోద్ది" అంది.

అరుగు మీద ఉన్న అందరూ తల ఊపారు. అంత మంచి మనసు ఒకేసారి అందరికీ ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఎప్పుడూ ఒకరి మాటకి ఒకరు అడ్డం పడేవాళ్ళం, ఆ రోజు ఒక్కరం కూడా వద్దనలేదు.

అప్పటినుంచి అత్త భోజనం చేసి నడుం వాల్చగానే, ఆవిడ పొద్దున అతికినది నేను పెరటి గుమ్మంలో కూర్చుని సరిచేసేదాన్ని. మొదట్లో తప్పుగా పడ్డ అతుకులు మాత్రమే విప్పి మళ్ళీ వేశాను. గుడ్డ ఉబ్బింది. ఉబ్బక ఏం చేస్తుంది, ఒకే గుడ్డలో ఆవిడ చెయ్యీ నా చెయ్యీ! దారాన్ని వేలికి కోసుకుపోయేలా లాగి పట్టుకుని ఆవిడ బిగువు తెప్పించాలని చూశాను. రాలేదు. ఇంక చేసేది లేక, ఆవిడ సరిగ్గా అతికినవి కూడా విప్పేశాను. ఆవిడ పొద్దున ఎన్ని వేసినా మధ్యాహ్నానికి ఒక్కటి మిగిలేది కాదు. నిన్నటి ముక్క మడతపెట్టేశామని చెప్పి, పొద్దున్నే ఆవిడకి కొత్త పువ్వులే ఇచ్చేదాన్ని. విప్పుతుంటే దారం వంకీలు తిరిగి ఒళ్ళో పడేది. ఆ సరైన అతుకుల్ని చూస్తూ విప్పడం మాత్రం నాకు చేత కాలేదు, కళ్ళు మూసుకుని విప్పేదాన్ని.

గుడ్డలు మళ్ళీ షావుకారుకి నచ్చసాగాయి. అత్త ముఖం వెలిగింది. "ఈమజ్జ షావుకారు నోరే మెదపడం నేదు, సూసినారా?" అనేది. "నీ సెయ్యి సెయ్యే అత్తా" అని వదిన అందుకునేది. మిగిలినవాళ్ళం ఇంకో రెండు మాటలు కలిపేవాళ్ళం. ఆవిడ నవ్వుతుంటే మాకూ ఏదో పుణ్యం చేస్తున్నట్టే ఉండేది. ఆ నవ్వు కోసం నేను ఇంకా ఎన్నాళ్ళయినా విప్పేదాన్నే.

గుడ్డ పూర్తయితే అత్త చేతికి అందకుండానే మడతపెట్టి షావుకారు మనిషికి ఇచ్చేసేవాళ్ళం. ఒక రోజు అతను వచ్చేసరికి వాన పట్టుకుంది. దారం తడుస్తుందని గుడ్డ తీసుకోకుండా అరుగు మీదే కూర్చున్నాడు. నేను గుడ్డని అరుగు మీదే ఉంచి, అతనికి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. వచ్చి చూసేసరికి గుడ్డ అత్త ఒళ్ళో ఉంది.

ఆవిడ ఒక అంచు పట్టుకుని, బొటనవేలితో ఒక్కో అతుకూ తడుముతూ వస్తోంది. వరస అయ్యాక మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకో వరస తడిమింది. గుడ్డ తిప్పి ఆ పక్క చూసింది. ఎక్కడైనా ఒక్కటి దొరుకుతుందని వెతుకుతోందని నాకు అర్థమై టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇవి నాయి కావు" అంది అత్త.

వదిన తన సూది కింద పెట్టేసింది.

"ఒకటీ నాది నేదు. ఇది మా కోడలి సెయ్యి. బిగించాలని సూసినాది గాని, దానిది వదులు సెయ్యి." నా వైపు తిరగకుండానే అడిగింది. "తప్పులు ఇప్పినావు, సరే. బాగున్నవి కూడా ఇప్పీసినావేటే?"

"ఉబ్బిపోతాదని, అత్తా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "ఉబ్బుతాది. నానే కదా నీకు సెప్పినాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నోటికి అలవాటు పడ్డవాళ్ళం, దులిపేసుకునేవాళ్ళం. ఆవిడ గుడ్డని నెమ్మదిగా మడతపెట్టి పక్కన పెట్టింది. వదినకి ఏం చెయ్యాలో తోచక, ఆవిడ దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది.

"పోనీ అత్తా, ఇప్పుడు నీ సేత్తో ఎవుల్నో ఒకల్ని కూకోబెట్టు. నువ్వు మా కాడికొచ్చి పువ్వులల్లుకో. పువ్వులకి కళ్ళెందుకు, నీ ఏళ్ళకి తెల్దా?"

నిజమే. పువ్వు చేతివాటంతో వస్తుంది. ఆవిడ వేళ్ళకి అది ఎప్పుడూ తెలుసు. మేం మొదటి రోజే ఈ మాట అని ఉంటే ఆవిడ చాప దులిపి, ఎవరినో చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, గోడవారకి వచ్చి మొదటి టీ గ్లాసు తాగేది.

"ఎవుల్ని కూకోబెట్టీది?" అంది అత్త. "అది ఎప్పుడో కూకుంది. కూకున్న మనిసిని మల్లీ కూకోబెట్టీదేటి?"

స్తంభం పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దని, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళింది. చాప అక్కడే ఉంది. సూది చాప మీద ఉంది.

ఆ తర్వాత ఆవిడ అరుగు మీదకి రాలేదు. ఆవిడ మంచం పక్కన కిటికీ అరుగు మీదకే తెరుచుకుంటుంది. ఆవిడకి వినబడాలని మేం గొంతులు పెంచి మాట్లాడుకునేవాళ్ళం. ఎవరి మేక ఎవరి మొక్కలు తినేసిందో, ఏ ఇంట్లో పిల్ల బరంపురం కాలేజీలో చేరిందో, అన్నీ కిటికీ వైపు తిరిగి చెప్పేవాళ్ళం. ఆవిడ కిటికీ మూసుకోలేదు, మాటా కలపలేదు. ఒకసారి దారపు ఉండా సూదీ ఆవిడ ఒళ్ళో పెట్టి, ఒక్క పువ్వు అల్లమని బతిమాలాను. సూది వేళ్ళ మధ్య కాసేపు తిప్పి నాకు తిరిగి ఇచ్చేసింది.

"నానల్లితే మధ్యాన్నం నీకు పని" అంది. కోపంగా కాదు. ఆ మాటకి నేను వంటింట్లోకి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ మరుసటి వానల్లో అత్త పోయింది. జ్వరం తగిలి మంచం పట్టిందని తెలిసి వీధి ఆడవాళ్ళందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, సిగ్గు విడిచి అడిగాను. "అత్తా, నన్ను నీ సేత్తో కూకోబెట్టు. ఒకసారి బయటికి రా, ఎత్తుకుని తీసుకెళ్తాం." ఆవిడ నా చూపుడు వేలు వెతుక్కుని, దాని మీది గాడిని బొటనవేలితో రాసింది. బాగా లోతు పడిందని అంది. అంతే, వేలు వదిలేసింది.

ఇప్పుడు అతుకులు నేనే వేస్తాను. వెలుగు బాగా పడేది స్తంభం దగ్గరే కాబట్టి అక్కడే కూర్చుంటాను. పువ్వులు అల్లేవాళ్ళు తగ్గారు, మిషన్ లేసు చవగ్గా వస్తోంది, ఆడపిల్లలు మెట్టు మీద కూర్చున్నా చేతిలో ఫోన్లే. అయినా మా మేనకోడలు ఒకతె ఈమధ్య శ్రద్ధగా నేర్చుకుంటోంది. బిగువు చెయ్యి, అచ్చం అత్తలాగే. వదిన అప్పుడప్పుడూ నన్ను పొడుస్తుంది, నీ తర్వాత దీన్ని కూర్చోబెట్టరాదా అని.

నేను దారం లాగి ఇంకో అతుకు వేస్తాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలంటే, ముందు నన్ను ఎవరో ఒకరు అలా కూర్చోబెట్టి ఉండాలి కదా. ఆ పిల్ల కూర్చుంటే కూర్చుంటుంది, తనంతట తానే.