ఎరుపు, పచ్చ లేని తెర

మా రైల్వే ఆఫీసులో ఇంజన్ల వివరాలు చూపించే ప్రోగ్రాం రాసింది నేనే. మా ఊరి గోల్ బజార్‌లో కొన్న పాత పుస్తకం ముందు పెట్టుకుని విజువల్ బేసిక్ సొంతంగా నేర్చుకున్నాను. తెర మీద ఇంజన్‌కొక గడి. గడి చిన్నది, అందులో ఇంజన్ నంబరే పట్టేది. అందుకని డ్యూటీకి సిద్ధంగా ఉంటే పచ్చ, మరమ్మతులో ఉంటే ఎరుపు వేశాను. రైల్వే క్వార్టర్‌లో పుట్టి పెరిగినదాన్ని, వేరే రంగులు తోచనే లేదు.

ఆ తెర ముందు కూర్చునేది ఒకప్పటి డ్రైవరు. కంటి పరీక్షలో ఎరుపుకీ పచ్చకీ తేడా కనిపెట్టలేకపోయారని ఇంజన్ మీంచి దించి, మా గదిలో కుర్చీ వేశారు. మొదటి వారమే ఆయన మరమ్మతులో ఉన్న ఇంజన్‌ని డ్యూటీకి రాసేశారు. ఇంకోసారి ఇలా జరిగితే గేటు కాపలాకు పంపిస్తానని ఆఫీసరు చెప్పేశాడు.

“ఏటి చెల్లెమ్మా,” అన్నారాయన, “ఏ రంగులు సూపించి నన్ను దించీసినారో, అవే తెచ్చి నా ముందర ఎట్టీసినావు.”

కోడ్‌లో రంగంటే అంకెలే. ప్రతి విండోలో విడివిడిగా ఉన్న ఆ అంకెలన్నీ తీసేసి ఒకేచోట పెట్టాను. సిద్ధమైతే నీలం, మరమ్మతుకు పసుపు. విండో తెరుచుకోగానే గడులు, పెట్టెలు, బటన్లు అక్కణ్నుంచే రంగు తెచ్చుకోవాలి. గడులు మాట విన్నాయి. బటన్లు మాత్రం విండోస్ ఇచ్చిన బూడిదరంగునే పట్టుకు కూర్చున్నాయి. ఒక్కొక్కదానికి స్టైలు అనే అమరిక మార్చాక గాని లొంగలేదు. ఆయన తెర ఒక్కటే మారిస్తే వచ్చేపోయేవాళ్లంతా ఆయన కళ్ల గురించే మాట్లాడతారు. అందుకే అందరి తెరలూ మార్చాను.

ఆఫీసరు చూశాడు. “ఇది రైల్వే అమ్మా. నీలం సిగ్నల్ చూసి బండి నడపడం ఎక్కడైనా ఉందా?”

“సిగ్నళ్లు బయట ఉన్నాయి సార్. ఇది గది.”

“అచ్ఛా. పైనుంచి తనిఖీకి వస్తున్నారు. పాత రంగులు పెట్టెయ్.”

“పెట్టను సార్.”

“వేరేవాళ్లతో పెట్టిస్తాను.”

“పెట్టించండి. మీ ఎదుటే మళ్లీ తీసేస్తాను.”

తనిఖీవాళ్లు వచ్చి ఏ ఇంజన్ సంగతేమిటని అడిగితే, డ్రైవరుగారు ఆ నీలం, పసుపు తెరే చూస్తూ గడగడా చెప్పారు. రంగుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరు నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు.

తనిఖీవాళ్లు వెళ్లిన రోజే డ్రైవరుగారు కుర్చీ వెనక్కి జరుపుకుని, “పసుపు మరీ ఎక్కువైపోనాది చెల్లెమ్మా,” అన్నారు. “పెళ్లికూతురికి నలుగెట్టినట్టుంది.”

పసుపు తగ్గించాను. ఎరుపును మాత్రం మళ్లీ రానివ్వలేదు.