కుయా తెర్యో నిషేధాజ్ఞలు

కుయా తెర్యోకి ఒకటే జబ్బు. మన జట్టు ఇవాళ ఏ కంపెనీ జట్టుతో ఆడుతుందో, ఆ కంపెనీ సరుకు మా వీధిలో ఎవరూ కొనకూడదు, తినకూడదు, ముట్టకూడదు. మా దగ్గర బాస్కెట్‌బాల్ జట్లన్నీ కంపెనీలవేనాయె! నూడుల్స్ వాళ్ళకో జట్టు, సబ్బుల వాళ్ళకో జట్టు, ఆఖరికి తలనొప్పి మాత్రల వాళ్ళకీ ఒక జట్టు. సరే, ఎవరి పిచ్చి వాళ్ళకానందం, నాకేం? కానీ ఆయన ఆ పిచ్చి వెలగబెట్టింది ఎక్కడనుకున్నారు? నా కొట్టు ముందు, నా బెంచీ మీద కూర్చుని!

అసలే ఆ ఏడు నేను పుట్టెడు కష్టంలో ఉన్నాను. తుఫాను వస్తోందంటే మా చేపల రేవు నవోతాస్‌లో జనం ముందు కొనేది సార్డీన్ చేపల డబ్బాలే. అందుకని కొట్టు నిండా కిస్లాప్ సార్డీన్లు దింపుకున్నాను. తుఫాను వచ్చి ముందు నా కప్పు రేకులే పీక్కుపోయింది. వానకి డబ్బాల మీది కాగితాలన్నీ ఊడిపోయాయి. లోపల చేపలు నిక్షేపంగా ఉన్నాయి మహాప్రభో అన్నా, బోడి డబ్బా ఎవడు కొంటాడు? అవి అమ్ముడుపోకపోతే కొట్టు మూసేయడమేనని వీధి వీధంతా వినేలా ఏడ్చాను.

అదిగో, సరిగ్గా అప్పుడే ఎదురింటి తాపీమేస్త్రి తెర్యోకి కిస్లాప్ సార్డీన్స్ జట్టు మీద భక్తి పుట్టుకొచ్చింది. వీధికంతా పెద్దన్న కనక అందరికీ ఆయన కుయా, కుర్రాళ్ళకి అక్కని కనక నేను ఆతే. ఆయన మాటంటే మాటే. పసుపు చొక్కా తొడుక్కుని వచ్చి నా బెంచీ ఎక్కాడు.

ట్రైసికిల్ తోలే ఆంబో వచ్చి సబ్బు తీసుకున్నాడు.

"చేతిలో ఏంట్రా అది?"

"సబ్బు, కుయా."

"ఇవాళ మనం ఎవరితో ఆడుతున్నాం?"

ఆంబో నాలిక్కరుచుకున్నాడు. "సబ్బుల వాళ్ళతో."

"సిగ్గులేదూ? ఆ డబ్బుతో వాళ్ళు మన మీదకి ఇంకో ఆరున్నర అడుగులవాణ్ణి తెస్తారు. పెట్టెయ్ అక్కడ!"

"పొద్దుట్నుంచీ ఎండలో తిరిగాను కుయా. నా కంపు నాకే తెలుస్తోంది."

"గెలిచాక తోముకుందువుగాని. చోలెంగ్, వీడికో సార్డీన్ డబ్బా ఇవ్వు. కాగితం లేనిదివ్వు. మొన్న బోడి డబ్బా తిన్న రోజే గెలిచాం, తెలుసా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా అమ్ముడైందన్న మాట నిజమే, కానీ సబ్బు బేరం పోయిందా లేదా? ఆ ఆదివారం చర్చిలో మా వీధి వాళ్ళు కూర్చున్న వరసకి ముందూ వెనకా ఒక్కరూ కూర్చోలేదు. పాదరీగారు ప్రసంగం సగానికి కోసేశారు.

మాత్రల వాళ్ళతో ఆట రోజున నాకు తల పగిలిపోతోంది. నా కొట్లో నా మాత్ర నేను వేసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ వద్దు చోలెంగ్. రేపు పెట్టుకో తలనొప్పి."

"నా తలనొప్పివి నువ్వే కదయ్యా!" అని అరిచాను. తొణికితేనా! బోడి డబ్బా తెరిచి, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు రెండు చేపలు మింగి, "గెలుస్తాం" అన్నాడు.

ఆ దిక్కుమాలిన జట్టు నిజంగానే గెలవడం మొదలెట్టింది! అంతకు ముందేడు అట్టడుగున ఉన్న జట్టు. నూడుల్స్ వాళ్ళు పోయారు, సబ్బుల వాళ్ళు పోయారు, మాత్రల వాళ్ళు పోయారు. వీధంతా పసుపు చొక్కాలు. ఆట ఉన్న రోజు బోడి డబ్బా లేకుండా ఏ ఇంట్లోనూ ముద్ద దిగేది కాదు. జట్టు పుణ్యమా అని నా అరలు ఖాళీ అవుతున్నాయనుకున్నాను.

ఫైనల్‌కి హలిగి సిమెంట్ వచ్చింది. దొరికాడు మేస్త్రి అనుకున్నాను.

"ఏం కుయా, రేపట్నుంచి గాల్లో నడుస్తావా? తాపీ మూల పడేస్తావా?"

ఆయన నేల చూపులు చూశాడు. "సిమెంటుకి మాత్రం నిషేధం వద్దు. ఇళ్ళు దాని మీదే కదా నిలబడ్డాయి."

"ఓహో! నా నూడుల్స్ పాపం, నీ సిమెంటు పుణ్యమూనా? ఇదెక్కడి న్యాయం?" వీధి మొత్తానికి వినబడేలా కడిగేశాను. తాపీ పట్టుకుని పనికి పోయాడు. అన్యాయస్థుడు అనుకున్నాను.

చెరి మూడాటలు గెలిచి చివరి ఆటకొచ్చారు. వీధి మైదానంలో టీవీ పెట్టాం. ఆఖరి క్షణంలో సిమెంటు వాళ్ళది ఒక పాయింటు పైచేయి. మన పొట్టి కుర్రాడు మూలనుంచి విసిరిన బంతి రింగు మీద గిర్రున తిరిగి లోపల పడింది. వీధి దద్దరిల్లింది. కుయా తెర్యో కూడా అరిచాడు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఆంబో వాళ్ళు ఆయన్ని భుజాల మీదకి ఎత్తారు. పసుపు చొక్కా పైకి లేచింది. దాని కింద ఇంకో చొక్కా! వెలిసిన బూడిదరంగు, మధ్యలో స్తంభం బొమ్మ. హలిగి సిమెంట్!

ఎవరూ చూడకముందే చొక్కా కిందకి లాగి, ఆయన్ని దింపించి కొట్లోకి ఈడ్చుకుపోయాను.

"ఏంటిది?"

"బనీను."

"బనీను మీద స్తంభం ఉంటుందా?"

పసుపు చొక్కా అంచు ఇంకా కిందకి లాక్కున్నాడు. "కుర్రతనంలో వాళ్ళ బస్తాలు మోశాను చోలెంగ్. అప్పట్నుంచీ అదే నా జట్టు."

"మరి సీజనంతా ఈ గోలేంటి?"

ఆయన నా ఖాళీ అర వైపు చూశాడు. "కొట్టు మూసేస్తానని ఏడ్చావు కదా. బోడి డబ్బా ఊరికే ఎవరు కొంటారు?"

కోపంతో బల్ల మీద ఒక్కటి చరిచాను. "నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెప్తే ఒప్పుకుంటావా? నీ పౌరుషం నాకు తెలీదూ?"

"నీ జట్టు ఓడిపోయిందయ్యా!"

"ఓడింది." ఏడుపు మొహంతోనే నవ్వాడు. "మళ్ళీ ఏడు ఆడకపోతుందా? ఒక్కటే, నీకు దణ్ణం పెడతా, నాకింక సార్డీన్లు ఇవ్వకు. చేప వాసనంటేనే నాకు వాంతి."

నవోతాస్‌లో పుట్టి! రేవు పక్కనే ఇల్లు కట్టుకుని! ఇన్నాళ్ళూ నా కళ్ళముందే డబ్బాలు డబ్బాలు మింగి! ఇంత మోసం నా జన్మలో చూడలేదు.

కొత్త సీజన్ వచ్చింది. మొదటి ఆట కిస్లాప్‌కీ హలిగికీ. ఆ రోజు పొద్దున్నే నా బెంచీ మీద నేనే కూర్చున్నాను. పసుపు చొక్కాలో ఆంబో వచ్చాడు.

"ఆతే, ఒక సార్డీన్ డబ్బా."

"లేవు."

"అదిగో, అరలో కనబడుతున్నాయిగా!"

"ఉన్నాయి. ఇవాళ ఇవ్వను. రేపు రా."

"ఇదేం అన్యాయం ఆతే!"

ఎదురింటి మెట్టు మీద కుయా తెర్యో నేను పంపిన నూడుల్స్ గిన్నెలోకి తల దూర్చేశాడు. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.