దుప్పికి పెట్టిన ఉప్పు

నా చిన్నప్పుడు మా తాత మీద వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేదు, అంతే.

మాది లక్సెట్టిపేట అవతల, అడవి అంచున ఉన్న పల్లె. మా చేను దాటితే వాగు, వాగు దాటితే అడవి. ఎండాకాలంలో వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. సాయంత్రం పూట దుప్పులు అక్కడికి నీళ్లకు వచ్చేవి. తాతా నేనూ చేని గట్టు మీద కూర్చుని చూసేవాళ్లం. వాటిలో ఒక పోతు దుప్పికి కుడి కొమ్ము మామూలుగానే ఉండేది కానీ, ఎడమది జానెడు కూడా లేకుండా చెవి మీదికి వంకర తిరిగి ఉండేది. అది మడుగు దగ్గరికి రాగానే మిగతా పోతులు కొమ్ములతో నెట్టేసేవి. అవన్నీ తాగి వెళ్లాక మిగిలిన బురదనీళ్లే దానికి. చూస్తుంటే నాకు ఏడుపు వచ్చేది.

దీనికి మా చిన్నాయన ఒక ఉపాయం చెప్పాడు. మా ఎడ్ల దాణాలో ఎముకల బలానికి కలిపే పొడిని పశువుల దవాఖాన నుంచి ఆయనే తెచ్చేవాడు. "కొమ్మంటే ఏంది? బొక్కనే గదా! గీ పొడి, దొడ్డుప్పు కలిపి పెడితే ఏడాదిల కొమ్ము ఎట్ల లేస్తదో సూడు" అన్నాడు. దుప్పి కొమ్ములు ఏటేటా రాలిపోయి కొత్తవి వస్తాయి కాబట్టి, వానలు వెళ్లగానే మొదలుపెట్టమన్నాడు. నిజమేనా అని తాతను అడిగాను.

"తెల్వదు బిడ్డా. పెట్టి సూద్దాం" అన్నాడు తాత.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. అవి తగ్గాక తాతా నేనూ వాగు దాటి వెళ్లి, ఉప్పూ పొడీ బంకమట్టిలో కలిపి ఒక గుంటలో పెట్టి వచ్చేవాళ్లం. ఏదీ అనుకున్నట్టు జరగలేదు. ఒకసారి అకాల వానకు అంతా కరిగిపోయింది. ఇంకోసారి ఊరి బర్రెలు వచ్చి గుంటను నాకిపోయాయి. "ఇంట్లకే ఉప్పు సాలుతలేదు, అడివికి మోస్తున్నరా?" అని మా అవ్వ కసురుకునేది. గుంట చుట్టూ గిట్టల గుర్తులు కనబడేవి కానీ, అవి ఏ దుప్పివో ఎలా తెలుస్తుంది? చలికాలమంతా నా దుప్పి జాడే లేదు. పులి తినేసిందేమోనని దిగులు పట్టుకుంది.

మళ్లీ ఎండలు ముదిరాక ఒక సాయంత్రం అది మడుగుకు వచ్చింది. కుడి కొమ్ము పోయినేటి కన్నా పొడుగ్గా, లావుగా ఉంది. ఎడమది మళ్లీ అలాగే, చెవి మీదికి వంకరగా. మా వెంట వచ్చిన చిన్నాయన తొడ చరిచాడు.

"సూసినవా! నేన్ జెప్పలే?"

"మరి ఎడమది ఎందుకు పెరగలే?" అన్నాను.

"దాని కుదురే చెడిపోయింది, దానికేం జేస్తం? నువ్వు కుడిది సూడు, కుడిది!"

నేను తాత వైపు తిరిగాను. "తాతా, ఉప్పుతోనే పెరిగిందా?"

"తెల్వదు బిడ్డా. దుప్పికి ఇంకో ఏడు వయసొచ్చింది. వానలు మంచిగ పడి గడ్డి మస్తు మొలిచింది. మనం ఉప్పు పెట్టినం. గీండ్ల ఏది పని జేసిందో నేనెట్ల జెప్పాలె? అసలు గది మన ఉప్పు నాకిందో లేదో ఎవలు సూసిండ్రు?"

నాకు ఒళ్లు మండిపోయింది. చలిలో ఉప్పు మోసింది నేను, అవ్వ చేత తిట్లు తిన్నది నేను. "ఔనన్న చెప్పు, కాదన్న చెప్పు!" అని అరుస్తూ గట్టు మీది మట్టిపెళ్లలు తన్నాను. తాతకు కోపం రాలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సరే. ఉప్పుతోనే పెరిగింది. ఇగ ఖుషీయేనా?"

ఆ మాట కోసమే అన్నాళ్లూ ఎదురుచూశాను. తీరా ఆయన అన్నాక అది నాకు ఎందుకూ కొరగాలేదు. ఆయనకు తెలియదని నాకు తెలుసు. నా ఏడుపు ఆపడానికే అన్నాడనీ తెలుసు.

"వద్దు" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"అయితే తెల్వదు" అన్నాడు తాత.

ఆ రోజు దుప్పి మిగతావాటి పక్కనే నిలబడి నీళ్లు తాగింది. కొమ్ముకు జడిసి అవి చోటిచ్చాయో, ఆ ఏడు మడుగులో నీళ్లు ఎక్కువ ఉండడం వల్లనో, అది కూడా తెలియలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు. మా కోడలు ఎవరో చెప్పారని ఒక పొడి తెప్పించి రోజూ పాలలో కలిపి ఇస్తోంది. ఈమధ్య నొప్పి కాస్త తగ్గింది. "పొడితోనే గద అత్తమ్మా?" అని ఆశగా అడిగింది. చలి వెళ్లిపోయింది, నేను మెట్లెక్కడం కూడా మానేశాను. "ఏమో, తెల్వదు బిడ్డా" అన్నాను. ఆమె గ్లాసు విసురుగా అందుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చిరాకు ఎలా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఔనంటే పిల్ల సంతోషించేది కదా అని నాకూ అనిపించింది. అందామనే అనుకున్నాను. నోరు రాలేదు.