తరిగిపోయిన బసవన్న

ఇప్పుడంటే కోత మిషన్లు వచ్చి రాయి వెన్నలా తెగుతోంది గానీ, మా వయసు కాలంలో ఆళ్లగడ్డలో ఏ బొమ్మైనా ఉలి దెబ్బలు తినే పుట్టాలి. అటువంటి ఊళ్లో, పేరున్న శిల్పుల నడుమ కూర్చుని, నంద్యాల బట్టల అంగట్లో గుడ్డలు కొలుచుకునే నేను ఒంటిచేత్తో నల్లరాతి నందిని చెక్కాను. ఆ రాయికి మా ఇంట్లో నేటికీ రోజూ నైవేద్యం జరుగుతుంది. (మా ఆవిడ వంటింట్లో ఉంది కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.)

దీనికంతటికీ కారణం నా బావమరిది. నాకంటే చిన్నవాడు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. పెళ్లయిన కొత్తలో వాడి పేరు నేను తెగ వాడుకున్నాను. నంద్యాల టీకొట్లో "శిల్పి బావ వచ్చినాడు, జరగండప్పా" అంటే చాలు, బెంచీ ఖాళీ అయ్యేది. అంతా హాయిగానే ఉండేది, శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో విగ్రహ ప్రతిష్ఠ జరిగేదాకా. వాడు రావడం ఆలస్యమైంది. నన్నే శిల్పి అనుకుని మెళ్లో బంతిపూల దండ వేశారు. నేనూ కాదనలేదు. ఇంతలో వాడు బస్సు దిగాడు.

"మరి ఈయనెవురప్పా?" అన్నాడొక పెద్దాయన.

"శిల్పికి బావంట."

"అట్లనా! ఏమనుకోవద్దప్పా" అంటూ నా మెడలోంచి దండ తీసి, నీళ్లు చిలకరించి, వాడి మెళ్లో వేశాడు. (పూలు వాడకుండా చిలకరించాడట. నాకు మాత్రం నా మైల కడిగినట్టే అనిపించింది.)

దండ పోయిన మెడ వారమంతా మండింది. వాడు నవ్వితే మంట, మా అత్త వాడికి ఇంకో ముద్ద వడ్డిస్తే మంట. నా పేరు చెప్పే వస్తువు లోకంలో ఒక్కటైనా ఉండాలని, ఆదివారం ఆళ్లగడ్డ పోయి వాడు బొమ్మలు చెక్కే కొట్టంలోనే ఉలి పట్టాను. మూపురం బాగానే లేచింది. ఎడమ చెవి ఎగిరిపోయింది. జోడు కుదరాలని కుడి చెవీ తీసేశాను. ఒక కొమ్ము విరిగితే రెండోదానికీ అదే న్యాయం. మూతి సరిచేయబోతే మెడ పోయింది. సాయంత్రం వాడొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"బావా, యాగంటి బసవన్న ఏటికేడు పెరుగుతాండాడంటారు. నీ బసవన్న ఏందీ, పూటపూటకూ తరుగుతాండాడు?"

కొట్టంలో ఉలుల చప్పుడు ఆగి నవ్వు లేచింది. రాయి అక్కడే వదిలేసి బస్సెక్కాను.

కొన్నాళ్లకు పుట్టింటికి పోయొచ్చిన మా ఆవిడ, నున్నటి రుబ్బురోటి పొత్రం ఒకటి తెచ్చి దింపింది. "నీ బసవన్నే. దీనికి సరిపోయినాడు" అంది. నైవేద్యమన్నది ఇదే, దీంతో రోజూ రుబ్బే చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి! నంది కాకపోతేనేం, గుండ్రంగా నా చేతిలో పుట్టిన పొత్రం. వాడి పేరు దీనికి అంటలేదు. ఆ గర్వంతోనే ఇన్నేళ్లూ ఒక ముద్ద ఎక్కువ తింటూ వచ్చాను.

ఇక్కడిదాకా రాసి పైకి చదువుకుంటుంటే వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"నువ్వు యాడ గుండ్రంగా చేస్తివి? వంకరటింకరగా పారేసి వస్తివి. నున్నగా చేసిచ్చింది మా తమ్ముడు. 'బావకు చెప్పొద్దక్కా, నొచ్చుకుంటాడు' అన్నాడని ఇన్నేండ్లు ఊరకుంటి. లెయ్యి, సంగటి చల్లారిపోతాంది."