మూడో టేబుల్ తాతకు పిట్ట ముట్టాలి

మా కాలేజీ పేరు చెప్పను. చెబితే జైపాల్ సార్ నన్ను సప్లీల్లో ముంచి తేలనివ్వరు. భూపాలపల్లి వైపు ఎక్కడో ఉందనుకోండి, చాలు. నాది జనగామ, పేరు సంధ్య, ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం. నా సంగతి ఎవరికీ అక్కర్లేదు గానీ, నా రూమ్మేట్ కరుణక్క సంగతి చెప్పకుండా ఉండలేను.

కరుణక్కది కురవి దగ్గర పల్లె. నాయినమ్మ పోచమ్మ దగ్గరే పెరిగింది. డిగ్రీ అయ్యాక తొర్రూరులో ఒక ప్రైవేటు బడిలో కెమిస్ట్రీ చెబుతూ ఏటేటా నీట్ రాసింది. ఇంటర్ వాసన వదలని మాలాంటి పిల్లకాయలు చేరిన ఏడాదే ఆమెకూ సీటొచ్చింది. మొదటిరోజు ఆమె క్లాసులోకి రాగానే అందరం లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాం. ఆమె కూడా అలవాటుకొద్దీ "కూర్చోండి" అంది. మేం కూర్చున్నాక, తనెక్కడ కూర్చోవాలో తోచక బోర్డు తుడిచింది. హాస్టల్లోనూ అదే తీరు, ఎదురుపడ్డ ప్రతివాళ్లనూ "తిన్నవా?" అని అడుగుతుంది. మెస్సులో ఉప్మా తిని వచ్చినవాళ్లను పట్టుకుని అలా అడిగితే ఎంత మంటగా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఇంత పెద్దమనిషి డిసెక్షన్ హాల్లో అడుగుపెట్టగానే చిన్నపిల్లయిపోయింది. మా బ్యాచ్‌కు మూడో టేబుల్ ఇచ్చారు. దాని మీద ఒక ముసలాయన దేహం. నా అన్నవాళ్లు ఎవరూ లేని మనిషని చెప్పారు, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. అనాటమీ హెడ్డు జైపాల్ సార్ మా అందరిచేతా చేతులు చాపించి, "ఈ దేహమే మా మొదటి గురువు" అని ప్రమాణం చేయించారు. మేం ప్రమాణం చేసి హాయిగా మరిచిపోయాం. కరుణక్క మరిచిపోలేదు, అదే వచ్చిన తంటా. కత్తి పట్టుకుంటుంది. "తాతా, ఏమనుకోకు, జర కోస్త" అంటుంది. ఆగిపోతుంది.

"ఎందుకాగినవ్ అక్కా?" అని అడిగితే, "ఏమన్న అంటడేమోనని" అంటుంది.

ఫార్మలిన్‌లో నానిన మనిషి ఏమంటాడు తల్లీ! నాకు ఒళ్లు మండిపోయేది. ఆమె వాటా కూడా నేనే కోసేదాన్ని. కత్తి కాదుగదా, వేలితో ముట్టుకోవడం కూడా ఆమె వల్ల కాలేదు. మెస్సులో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ చిక్కి సగమైంది.

ఇంటర్నల్ పరీక్ష సోమవారమని చెప్పారు. ఎవరికి వారు సార్ ఎదుట ముంజేయి చర్మం కోసి, లోపలి కండరాలు విప్పి చూపించాలి. చేయి పెట్టనివాళ్లను యూనివర్సిటీ పరీక్షకు పంపనని సార్ క్లాసులోనే చెప్పారు, అదీ కరుణక్కను చూస్తూ. శనివారం ఆమె పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

"తొర్రూరు బడికి ఫోన్ జేసిన. రమ్మన్నరు" అంది.

అన్నేళ్లు కొట్లాడి తెచ్చుకున్న సీటు! నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. వెంటనే పోచమ్మవ్వకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను.

ఆదివారం పొద్దెక్కేసరికి అవ్వ దిగింది. మూడు బస్సులు మారి, ఒక చేత్తో మటన్ కూర క్యారియరు, ఇంకో చేత్తో సర్వపిండి మూట, చీరకొంగులో కల్లు సీసా. మనవరాలి ముఖం చూసింది గానీ బాగోగులు అడగలేదు.

"గా ముసలాయన సచ్చి ఎన్నొద్దులాయె?" అంది.

"ఏడాది దాటి ఉంటది నాయినమ్మా."

"పిట్టకు పెట్టిండ్రా?"

మేం ముఖాలు చూసుకున్నాం. మా వైపు మనిషి పోయిన మూడోనాడు ఆయనకు ఇష్టమైనవన్నీ ఇస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ కాచుకుని ఉంటారు. ముట్టలేదంటే పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క.

"గురువంటరు, దండం పెడ్తరు. గురువుకు ఇంత బువ్వ పెట్టినోడు లేడు" అని అవ్వ గయ్యిమంది. "ఆకలితోనున్నోణ్ని కొయ్యాల్నంటె నా బిడ్డకు చెయ్యెట్ల లేస్తది?"

అనాటమీ బిల్డింగు వెనకకు దారితీసింది అవ్వ. అటెండరు సోమనర్సయ్య అడ్డం వచ్చాడు. పిట్టకు పెట్టడానికని తెలియగానే చీపురు తెచ్చి తనే జాగా ఊడ్చాడు, ఎక్కడినుంచో ఇస్తరి కూడా తెచ్చాడు. అన్నీ వడ్డించి దూరం జరిగి నిలబడ్డాం. నీళ్ల ట్యాంకు మీద రెండు కాకులు కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి తప్ప దిగడం లేదు. ఒక ఉడుత మాత్రం వచ్చింది. అవ్వ దాన్ని తిట్టి తరిమింది.

"ఈయన ఏం తింటుండెనో ఎర్కలేకపాయె" అని గొణిగి, కరుణక్క వైపు తిరిగింది. "నువ్వు పోయి జూసి రా. నోరు జూస్తె తిండి తెలుస్తది, చెయ్యి జూస్తె పని తెలుస్తది. పో."

నాయినమ్మ పురమాయిస్తే కాదనే ధైర్యం కరుణక్కకు లేదు. సోమనర్సయ్య తాళం తీశాడు. నేనూ వెంట వెళ్లాను. ఆమె గ్లవుజులు తొడుక్కుని తాత పెదవి పక్కకు జరిపి చూసింది. అరచేయి విప్పి వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. ముంజేయి కింద చేయి వేసి ఎత్తి, వెలుతురుకు తిప్పింది. తను ఏం చేస్తోందో తనకు తెలియదు, చెబితే ఎక్కడ వదిలేస్తుందోనని నాకు భయం.

"దవడపండ్లు లేవు నాయినమ్మా, మటన్ నమలలేడు" అని బయటికొచ్చి చెప్పింది. "ఆకువక్క బాగ తింటుండె. చేతులకు కాయలున్నయి."

"మరి చెప్పరేందే!" అంటూ అవ్వ మటన్ తీసేసింది. సర్వపిండిని టీలో నానబెట్టమంది. సోమనర్సయ్య ఆకువక్క కోసం పరుగెత్తాడు. నన్ను మెస్సుకు పంపి ఉప్మా తెప్పించింది. ఆ ఉప్మాను కాకి ముట్టదని నేను మొత్తుకున్నా వినలేదు.

ఆ గలాటాలో జైపాల్ సార్ వచ్చారు, రేపటి పరీక్ష ఏర్పాట్లు చూసుకోవడానికట. "ఏమిటీ సంత? ఇది మెడికల్ కాలేజీ అనుకుంటున్నారా, శ్మశానం అనుకుంటున్నారా?" అని అరిచారు. కరుణక్క చేతుల కాయల సంగతి చెప్పింది. "ఏ చేయి? బలమైన కండరం ఎటువైపు?" అని ఆయన అడిగేశారు. ఆమె కుడివైపని చెప్పి, కండరం పేరూ చెప్పింది. సార్ "కరెక్ట్" అనేసి, కోపం మధ్యలో ఆగిపోయినందుకు ఇంకా కోపం తెచ్చుకున్నారు.

కాకులు దిగలేదు. తిండి గురించి కాదు, మనసులో ఏదో ఉంది, తలొక మాటివ్వండి అంది అవ్వ.

"నీ ముంగట ఫోన్ల పాటలు పెట్టనే పెద్దాయనా" అని సోమనర్సయ్య చెంపలేసుకున్నాడు. "నీ కాళ్ల దగ్గర నా టిఫిన్ బాక్సు పెట్టను తాతా" అన్నాను నేను. సార్ నన్ను చూసిన చూపుకు భూమిలోకి దిగిపోయాను. కరుణక్క ఇస్తరి ముందుకు వెళ్లి చేతులు జోడించింది. తర్వాత మెల్లగా, "నీ చెయ్యి ఆగం జెయ్యను తాతా. మంచిగ నేర్చుకుంట" అంది.

అయినా కాకులు కదల్లేదు.

"ఇగ నువ్వే సారూ" అంది అవ్వ. "ఈడ అందర్ల పెద్దోనివి. పెద్దకొడుకు లెక్క నువ్వే నిలబడాలె."

సార్ ముఖం కందగడ్డయింది. విసురుగా లోపలికి వెళ్లిపోయారు.

హనుమకొండ బస్సుకు వేళయింది. అవ్వ మనవరాలి తల నిమిరి, ఇస్తరి వైపు చూసి నిట్టూర్చి కదిలింది. కరుణక్క ఆమెను బస్సెక్కించడానికి వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ పెట్టె ముందు కూర్చుంది. ముట్టలేదు కదా, తాతకు ఇష్టం లేనట్టే అంది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. అనాటమీ బిల్డింగు వెనక జైపాల్ సార్ ఒక్కరే ఉన్నారు. చెప్పులు పక్కన విప్పి, ఇస్తరికి కాస్త దూరంలో చేతులు కట్టుకుని ఏదో చెబుతున్నారు. ఏం చెప్పారో నాకు వినబడలేదు. చాలాసేపు చెప్పారు.

సోమవారం మూడో టేబుల్ దగ్గర కరుణక్క వంతు వచ్చింది. కత్తి అందుకుంది గానీ చేయి లేవలేదు. సార్ ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆయన నోట మా వైపు మాట నేను విన్నది అదే మొదటిసారి.

"ముట్టింది బిడ్డా" అన్నారు. "నేనుండంగనే ముట్టింది. కొయ్యి."

కరుణక్క ఎడమచేత్తో తాత చేయి పట్టుకుని, కుడిచేత్తో కోసింది.