హోమ్‌కమింగ్ గెలుపుకి మామగారి మార్కులు

పోయిన ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూ ఉంటే మా అమ్మాయి ప్లేనో నుంచి ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చి అక్కడికి వెళ్ళి చాలా కాలమైనా శనివారం తన పాత కాలేజీ ఫుట్‌బాల్ ఆట చూడకుండా దానికి పొద్దు గడవదు. "అమ్మా, హోమ్‌కమింగ్ గేమ్ గెలిచాం! కాలేజ్ పేపర్‌లో ప్లేయర్స్‌కి వేసిన గ్రేడ్స్ చూశావా? ఎవ్రీబడీకీ 'ఏ' ఇచ్చేశారు. తాతయ్య ఉంటే ఎంత వేసేవాడు?" అంది. ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూశాను. నిజమే, పేరంటంలో శనగలు పంచినట్టు ఒక్కొక్కరి కొంగులో ఇంతింత పోసేశారు. నాకు తెలియకుండానే నా చెయ్యి వంటింటి సొరుగు లాగి ఎర్ర పెన్ను కోసం వెతికింది. రబ్బరు బ్యాండ్ల కింద ఉంది. సిరా ఎండిపోయింది గానీ ఉంది.

ఆ పెన్ను మా మామగారిది. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళకి పైగా లెక్కల మాస్టారుగా చేశారు. అంతకంటే ఆయన గర్వంగా చెప్పుకునేది స్పాట్ వాల్యుయేషన్ గురించి. ఎండాకాలంలో పదో తరగతి జవాబు పత్రాలన్నీ ఒకచోట చేర్చి, మాస్టార్లందరినీ వరసగా కూర్చోబెట్టి దిద్దించే క్యాంపు అది. రేకుల కప్పు కింద, మోచేతులకు కాగితాలు అంటుకుపోయే ఉక్కలో, లెక్క తప్పినా దారి సరిగ్గా ఉంటే అడుగడుగుకీ మార్కు వేసుకుంటూ పోవాలట. అత్తగారు పోయాక ఆయన సముద్రాలు దాటి ఇక్కడ క్యారీలో మా ఇంటికి వచ్చేశారు. వచ్చేముందు అక్కడి గుండె డాక్టరు మా వారిని పక్కకి పిలిచి "ఒక్క ఏడాది గడిస్తే గొప్పే" అన్నాడు. ఆ సంగతి తెలిసినా మామగారు మాత్రం ఎవరో పక్కబెంచీ పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు గురించి విన్నట్టు ఊరుకున్నారు.

ఆయన మార్కులు వేయని వస్తువు మా ఇంట్లో లేదు. నా ముక్కల పులుసుకి యాభై ఎనిమిది. మా వారు లాన్ కోసిన తీరుకి నలభై ఒకటి, "అంచులు వదిలేశాడు" అన్న రిమార్కుతో. నేను ఇక్కడ మందుల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగంలో ఉన్నాను, నా సంతకం లేనిదే ఒక్క సీసా గుమ్మం దాటదు. అలాంటిదాన్ని నా వంటింట్లో నేనే సెకండ్ క్లాసులో పాసై కూర్చునేదాన్ని. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను, ఆయన ఏ మార్కూ వేయకుండా తిని లేచిన రోజున నాకే తోచేది కాదు. ఒకసారి గుత్తి వంకాయకి అరవై మూడు వేస్తే ఆ సాయంత్రమంతా కూనిరాగాలు తీశాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

ఫుట్‌బాల్ ఆయనకి మా అమ్మాయే నేర్పింది. అది గంట దూరంలో ఉన్న కాలేజీలో చదువుతూ, శని ఆదివారాలు బట్టలు ఉతుక్కునే నెపంతో ఇంటికి వచ్చేది. తాతా మనవరాలూ సోఫాలో కూర్చుని టీవీ చూసేవాళ్ళు. రెండో వారానికే ఆయన నోటు పుస్తకం పెట్టి గీతలు గీశారు. "పది గజాలు పోవాలి, నాలుగు అవకాశాలు. ఇంతేగా సిలబస్! దీనికింత గొడవెందుకే అమ్మలూ?" అనేవారు. అందరూ బంతి వెంట చూస్తుంటే ఆయన బంతి లేనివాళ్ళని చూసేవారు. ఎవడు వంగాడు, ఎవడు పడిలేచాడు, ఎవడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, అవన్నీ కావాలి. ఇన్విజిలేటర్‌గా హాల్లో తిరిగిన కళ్ళు కదా, వెనక బెంచీలు ముందు కనిపిస్తాయి.

ఆ శరత్కాలంలో మా అమ్మాయికి ఒకటే పట్టుదల, కాలేజీ పత్రికలో ఆటల కాలమ్ రాయాలని. ప్రతి ఆట తర్వాతా జట్టులో ఒక్కో విభాగానికి ఏ, బి, సి అని గ్రేడ్లిచ్చి కారణాలు రాసే రిపోర్ట్ కార్డు అది. రాసే కుర్రాడు మానేశాడు. ఎడిటర్ దీనికి ఒక్క అవకాశం ఇచ్చాడు: హోమ్‌కమింగ్ ఆటకి నువ్వు రాయి, బాగుంటే సీజన్ అంతా నీదే, లేకపోతే ఇంకొకరికి. హోమ్‌కమింగ్ అంటే పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే వారాంతం, వేలమంది కళ్ళు ఆ పేజీ మీదే ఉంటాయి. వారం రోజులపాటు అది సరిగ్గా అన్నం తినలేదు. "నాకు గేమ్ తెలీదు అనుకుంటారమ్మా. వాళ్ళు నన్ను చూస్తేనే అలా అనుకుంటారు" అంది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

అందరం వెళ్ళాం. స్టేడియం పార్కింగ్‌లో జనమంతా కార్ల డిక్కీలు తెరిచి పొయ్యిలు ముట్టించి మాంసం కాలుస్తుంటే, మేం మడత కుర్చీలు వేసుకుని పులిహోర డబ్బా విప్పాం. పక్క కారులో ఓ ముసలాయన గిన్నెలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసి మామగారి దోసిట్లో పోశాడు. ఆయన ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని నా వైపు తిరిగి, "ఇంతదూరం వచ్చింది ఇవి తినడానికా అమ్మాయ్!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆట గెలిచాం, బాగానే గెలిచాం. ఊరంతా ఊగిపోయింది. ఒక్క కిక్కర్ విషయంలోనే నవ్వులపాలయ్యాం. బంతిని స్తంభాల మధ్యకి తన్నడమే అతని పని. తేలికైనవి రెండు పక్కకి తన్నాడు. మా వెనక వరసలో ఎవరో అతని తల్లిదండ్రుల్ని కూడా కలిపి తిట్టారు. మూడోసారి మళ్ళీ అతన్నే పిలిస్తే స్టేడియం మూలిగింది. అది మాత్రం సరిగ్గా స్తంభాల మధ్యకి వెళ్ళింది. ఈ గోలలో మా అమ్మాయికి బుర్ర పనిచేయలేదు. అటూ ఇటూ చూసింది. అంతమందిలో అరవకుండా కూర్చున్నది తాతయ్య ఒక్కడే. "తాతయ్యా, నంబర్స్ నువ్వు వెయ్, రీజన్స్ నేను రాస్తా" అని కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

తిరుగు ప్రయాణంలో ఆ కాగితం నా ఒళ్ళోకి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, 62. బంతి అందుకునేవాళ్ళు 54. ముందు వరసలో కాచేవాళ్ళు 78. కిక్కర్ 31, పక్కన కూడిక గుర్తు, 4, మొత్తం 35. అడుగున రిమార్కు: ప్రశ్నపత్రం తేలిక, కనుక జాగ్రత్తగా దిద్దడమైనది. అవతలి జట్టు అంత గట్టిది కాదని ఆయన లెక్క. "అబ్బో, క్వార్టర్‌బ్యాక్‌కి ఫస్ట్ క్లాసే!" అన్నాను. వెనక సీట్లో మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను మెచ్చుకున్నాననుకున్నాను. అది నేను వెక్కిరించాననుకుంది.

మర్నాడు పొద్దున్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కాలేజీ పట్టిక పక్కన పెట్టుకుని, ఆ అంకెల్ని అక్షరాల్లోకి మార్చింది. పత్రికకి అక్షరాలే కావాలి. ఇక్కడ పుట్టిన పిల్ల, దానికి తెలిసిన లెక్కలో అరవై రెండంటే డి మైనస్. యాభై నాలుగంటే ఎఫ్. డిస్టింక్షన్ కొట్టిన ముందు వరస సి ప్లస్ అయి కూర్చుంది. ఎవర్నీ అడగలేదు, అడగాలని దానికి తోచనూ లేదు. మధ్యాహ్నానికి పంపేసింది.

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. గెలిచిన జట్టుకి ఎఫ్‌లా? ఈ అమ్మాయి ఎవరు, జన్మలో ఒక్క ఆటైనా చూసిందా? కామెంట్లు వందలకి వందలు. అందరూ ఒప్పుకున్న గ్రేడు ఒక్కటే, కిక్కర్‌కి ఇచ్చిన ఎఫ్. అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని తాతగారి ముందుకొచ్చి నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. "తాతయ్యా, వాళ్ళని ఎందుకు ఫెయిల్ చేశావ్? దే వన్, గెలిచారు కదా!"

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఫెయిలా? ఎవడు ఫెయిలయ్యాడే? అందరూ పాసే! క్వార్టర్‌బ్యాక్‌కి ఫస్ట్ క్లాసు, ముందు వరసకి డిస్టింక్షన్. ఇంత మంచి మార్కులు నేను మా స్కూల్లోనే ఎప్పుడూ వేయలా!"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. ముప్పై అయిదుకి పాసు, అరవైకి ఫస్ట్ క్లాసు అన్న లోకంలోనే నేనూ పెరిగాను. ఇక్కడి లోకంలోనూ ఇన్నేళ్ళు బతికాను. సీసాల మీద చీటీలు వంకరగా ఉంటే పట్టేసే నేను, ఒళ్ళో ఉన్న కాగితాన్ని పట్టలేకపోయాను.

ఇంతలో ఎడిటర్ ఫోన్. స్పీకర్‌లో అందరం విన్నాం. మంచివాడే, భయపడుతున్నాడు. అందర్నీ ఏ, బి గ్రేడ్లకి మార్చేయ్, పొరపాటని రెండు లైన్లు రాయి, కాలమ్ నీకే ఉంచుతాను అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "కిక్కర్ ఎఫ్ మాత్రం మార్చకు. దానికి ఎవరూ గొడవ చేయట్లేదు." అమ్మాయి మొహం తేటపడింది. ఇంక గండం గడిచినట్టే. ఫోన్ పెట్టేసి మార్చడానికి కూర్చుంటే మామగారు లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టారు.

"అందర్నీ పైకి లేపి వాడొక్కణ్ణే కింద వదిలేస్తారా? వాడు పాసయ్యాడమ్మా. నేను పాస్ చేశాను."

"బట్ తాతయ్యా, రెండు మిస్ చేశాడు కదా!"

"చేశాడు. అందుకే ముప్పై ఒకటి. అంతమంది తిడుతుంటే మూడోసారి తల దించుకోకుండా వచ్చి నిలబడ్డాడు చూశావా, దానికి నాలుగు. ముప్పై ఒకటి వేసి చేతులు దులుపుకోవడం ఎవడికైనా చేతనవును. నేనట్లా దిద్దలా. నీ కాలమ్ నీ ఇష్టం. నా మార్కులు మాత్రం మార్చకు."

నేను లోలోపల "మార్చేయవే తల్లీ, ఆ కాలమ్ దక్కించుకో" అనుకుంటూనే ఉన్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు! అమ్మాయి మాత్రం ఎర్ర సిరా కాగితాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీసింది. కింద మా తాతయ్య లెక్క ఇదీ అని నాలుగు వాక్యాల్లో వివరించింది. తప్పు మార్కులది కాదు, వాటిని మార్చిన నాది అని రాసింది. కిక్కర్‌కి వేసిన నాలుగు ఎందుకో ఆయన మాటల్లోనే చెప్పింది. వేస్తే ఇది వేయండి, లేదంటే కాలమ్ ఇంకొకరికి ఇచ్చుకోండి అని ఎడిటర్‌కి పంపి, నా పక్కన వచ్చి కూర్చుంది. ఆ క్షణాన నా కూతుర్ని చూసి నాకెంత గర్వమేసిందో మాటల్లో పెట్టలేను.

ఎడిటర్ గొణుక్కుంటూనే వేశాడు. ఆ పేజీ చదివినంతమంది ఆ ఏడాది ఇంకే పేజీనీ చదవలేదట. కాలమ్ మా అమ్మాయికే దక్కింది, అయితే వారంవారం ఎర్ర సిరా కాగితం కూడా పంపాలన్న షరతుతో. మూడు వారాల తర్వాత మళ్ళీ స్టేడియంకి వెళ్ళినప్పుడు, ఆట అయ్యాక ఓ కుర్రాడు హెల్మెట్ చంకన పెట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు. కిక్కరే. మామగారి చేతిలో పెన్ను చూసి గుర్తుపట్టాడు. ఫస్ట్ క్లాసు రావాలంటే ఇంకేం చేయాలి సార్ అని అడిగాడు. మామగారు ఏమాత్రం తొణక్కుండా, "ట్వంటీ ఫైవ్ మోర్ మార్క్స్. డోంట్ లుక్ అట్ ది క్రౌడ్. లుక్ అట్ ది బాల్," అన్నారు. అతను నవ్వలేదు. తలూపి, కంచె మీదుగా చెయ్యి చాచాడు. ఆ చేతిని మామగారు రెండు చేతులతో పట్టుకున్నారు.

ఇవన్నీ తలుచుకుంటుంటే నా కాఫీ చల్లారిపోయింది. ఫోన్‌లో అమ్మాయి ఇంకా అడుగుతూనే ఉంది. నిన్నటి ఆట నేనూ చూశాను, బంతి లేనివాళ్ళనే చూశాను. "అరవై నాలుగు. ఫస్ట్ క్లాసు" అన్నాను, ధైర్యంగా. "తాతయ్య అయితే సిక్స్టీ టూ" అంది అది, అంతకంటే ధైర్యంగా. ఇద్దరం నవ్వుకున్నాం. పెన్ను నాలిక మీద తడిపి కాగితం మీద గీసి చూశాను, పలచగా ఓ ఎర్రగీత పడింది. ఒక్క ఏడాది గడిస్తే గొప్పే అని డాక్టరు తేల్చేసిన మనిషి మాతో అయిదు శరత్కాలాలు చూశారు. ఆ పైన నాలుగేళ్ళూ కాలం ఎందుకు కలిపిందో తెలియదు గానీ, మా ఇంటిల్లిపాదినీ గట్టెక్కించినవి అవే.